నలుడు దారిలో నేర్చిన విద్య



తెల్లవారుజామున నిద్ర లేచిన వెంటనే స్మరింపవలసిన పుణ్యశ్లోకుల పేర్లను మన పెద్దలు నియమించి యున్నారు. వానిలో కలిదోషము తొలగుటకై చెప్పుకొనునవి నాలుగు పేర్లు: కర్కోటకుడు, దమయంతి, నలుడు, ఋతుపర్ణుడు. ఒక సర్పము, ఒక రాణి, రాజ్యము పోగొట్టుకొనిన ఒక రాజు, అతనికి కొలువిచ్చిన మఱియొక రాజు. ఈ నలుగురిని ఒక్కచోట చేర్చి స్మరింపుమనుటలో అర్థమేమి? కాటు వేసిన పాము పేరు అందరికంటె ముందేల వచ్చెను? నలునికి రాజ్యము తిరిగి వచ్చినది కదా, ఆ రాజ్యము పేరు ఇందులో ఏల లేదు? ఈ ప్రశ్నలను విచారించినచో, జీవితములో పెద్దదెబ్బ తిన్న మనిషి మరల ఏ విధముగా నిలువవలెనో మనకు తెలియును.

ఆలయములో ప్రవచనము ముగిసి అందరును ప్రసాదము తీసికొని వెళ్లిన పిమ్మట, ఒకరిద్దరు మండపములో స్తంభము చాటున ఆగుదురు. వారి ముఖము చూడగానే వారు ఏదో చెప్పుకొనుటకు ఆగిరని మాకు తెలియును. ఒకరికి ఇరువది సంవత్సరములు చేసిన ఉద్యోగము పోయినది. ఒకరికి మిరపపంట పోయి అప్పు మిగిలినది. ఒకరు భాగస్వామిని నమ్మి వ్యాపారములో సర్వము కోల్పోయిరి. కష్టములు వేరైనను, వారందరు అడుగునది ఒక్కటే: "మాకే ఎందుకు వచ్చినదండీ ఈ గతి?" ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనిని మొట్టమొదట అడిగినవాడు సాక్షాత్తు ధర్మరాజు.

ధర్మరాజు అడిగిన ప్రశ్న

పాండవులు కామ్యకవనములో నున్నారు. అర్జునుడు దివ్యాస్త్రములకై వెళ్లి ఇంద్రలోకములో నున్నాడు. అట్టి సమయమున బృహదశ్వుడను మహర్షి వచ్చెను. ధర్మరాజు ఆయనను పూజించి, తన దుఃఖమును చెప్పుకొనెను. జూదములో నేర్పరులైనవారు తనను పిలిచి, ఆ విద్య తెలియని తనను మోసగించి సర్వము హరించిరని చెప్పి, తనకంటె భాగ్యహీనుడైన రాజు ఈ భూమిపై ఎవడైన నుండెనా యని అడిగెను.

మహర్షి ధర్మరాజును ఓదార్చుటకు వేదాంతము చెప్పలేదు. విధివ్రాత యని ఊరకుండుమనలేదు. ఒక కథ చెప్పెను. అదియే నలోపాఖ్యానము. వ్యాసభారతములోని అరణ్యపర్వములో నున్న ఈ కథను, నన్నయభట్టారకుడు తాను తెనిగించిన అరణ్యపర్వభాగములోనే మనకు ప్రసాదించెను.

ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. శ్రీహర్షుని నైషధకావ్యమును శ్రీనాథుడు శృంగారనైషధముగా తెలుగు చేసెను. పండితులు తలదాల్చెడి ఆ కావ్యములో హంసరాయబారము, స్వయంవరము, వివాహము, ఆ దంపతుల సుఖము కలవు. జూదములో నలుడు పడిన పాట్లు లేవు. కావ్యము సుఖము వద్ద ఆగినది. ఇతిహాసము అట్లు ఆగక, పడినవాని వెంట అడవికి నడచినది. మనకు కష్టకాలములో తోడు రావలసినది ఆ నడచిన కథయే.

పండ్రెండేండ్లు కాచుకొన్న కలి

నిషధదేశపు రాజు వీరసేనుని కుమారుడు నలుడు. విదర్భరాజైన భీముని కూతురు దమయంతి. స్వయంవరమునకు ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు వచ్చినను, ఆమె నలునే వరించెను. దేవతలు సంతోషించి ఒక్కొక్కరు రెండేసి చొప్పున ఎనిమిది వరములిచ్చిరి. ఆలస్యముగా బయలుదేరిన కలి మాత్రము కోపించి, నలునిలో ప్రవేశింపదలచెను. కాని సందు దొరకలేదు. ఒకటి కాదు, రెండు కాదు, పండ్రెండేండ్లు కాచుకొని యుండెను. ఒకనాడు నలుడు మూత్రవిసర్జన చేసి, పాదములు కడుగుకొనకయే సంధ్య వార్చెను. అంతమాత్రముననే కలి లోనికి జొచ్చెను.

"ఇంత చిన్న లోపమునకు అంత పెద్ద శిక్షయా?" యని భక్తులు మమ్మడుగుదురు. మేము చెప్పునది: అది శిక్ష కాదు, ద్వారము మాత్రమే. పండ్రెండేండ్లు కలికి సందు దొరకలేదనగా, నలుడు ఎంతటి నియమవంతుడో వ్యాసుడు చెప్పుచున్నాడు. కనుక కష్టములో నున్నవానిని చూచి "ఏ పాపము చేసెనో, అనుభవించుచున్నాడు" అని తీర్పు చెప్పుటకు ఈ కథ మనకు అధికారమివ్వదు. మంచివారు కూడ పడుదురు. ఎందుకు పడిరను ప్రశ్నకంటె, పడిన పిదప ఏమి చేసిరను ప్రశ్నయే ఈ కథలో పెద్దది.

తమ్ముడైన పుష్కరుడు జూదమునకు పిలిచెను. ద్వాపరుడు పాచికలలో ప్రవేశించెను. మంత్రులు వచ్చి చెప్పినను, భార్య కన్నీరు పెట్టినను నలుడు వినలేదు. నెలల తరబడి ఆడి, రాజ్యము, కోశము సర్వము ఓడెను. దమయంతి మాత్రము ముందుచూపుతో, సారథియైన వార్ష్ణేయుని పిలిచి, పిల్లలిద్దరిని రథమెక్కించి పుట్టింటికి కుండినపురమునకు పంపెను. వార్ష్ణేయుడు పిల్లలను దింపి, అయోధ్యకు పోయి ఋతుపర్ణమహారాజు వద్ద కొలువున చేరెను.

కట్టుబట్టలతో నలదమయంతులు పట్టణము వెడలిరి. ఆదరించినవారికి మరణదండన యని పుష్కరుడు చాటించుటచే, ఎవరును దగ్గరకు రాలేదు. మూడు రాత్రులు నీరు మాత్రము త్రాగి ఊరివెలుపల గడపిరి. ఆకలికి పక్షులను పట్టుకొనుటకు నలుడు తన వస్త్రమును వాటిపై వేయగా, అవి ఆ వస్త్రముతో సహా ఎగిరిపోయెను. ఆ పక్షులు తాము పాచికలమని చెప్పెనట! రాజు మొలపై బట్ట కూడ పోయినది.

అప్పుడు నలుడు దమయంతికి విదర్భకు పోవు దారి చూపుచు, మాటిమాటికి అదే చెప్పెను. ఇద్దరము కలిసి మా పుట్టింటికి పోవుదమని ఆమె అడిగెను. ఒకప్పుడు వైభవముతో పోయిన ఇంటికి ఇప్పుడు దరిద్రుడనై ఏ ముఖముతో పోవుదునని అతడు ఒప్పుకొనలేదు. ఆ రాత్రియే, నిద్రించుచున్న భార్య వస్త్రములో సగము కోసి కట్టుకొని, ఆమెను అడవిలో విడిచిపోయెను. రాజ్యమును అపహరించినది పాచికలు. భార్యను దూరము చేసినది సిగ్గు. మహనీయులారా, ఈ రెండవ నష్టము మొదటిదానికంటె పెద్దది. మొదటిది పరులు చేసినది, రెండవది తాను చేసికొన్నది. నేడును ఎందరో ఉద్యోగము పోయిన సంగతి ఇంట చెప్పలేక, ఉదయము యథాప్రకారము బయలుదేరి, సాయంకాలము వరకు ఎక్కడనో కూర్చుండి వచ్చుచున్నారు. మరికొందరు చెప్పలేక ప్రాణములే తీసికొనుచున్నారు. నష్టమును ఇంటివారితో పంచుకొనుట అవమానము కాదు. చెప్పకుండుటయే రెండవసారి ఓడుట.

మొదటి పేరు: కర్కోటకుడు

ఒంటరియై పోవుచున్న నలునికి దావాగ్ని కనబడెను. అందులోనుండి తన పేరు పెట్టి పిలుచు ధ్వని వినబడెను. నారదుని శాపముచే కదలలేక పడియున్న కర్కోటకుడను నాగరాజు రక్షింపుమని మొరపెట్టెను. సర్వము కోల్పోయిన నలుడు, "నా బాధ నాకున్నది" అనక, మంటలలో జొచ్చి పామును ఎత్తుకొని వచ్చెను. దించబోగా, అడుగులు లెక్కించుచు నడువుమని పాము చెప్పెను. పదవ అడుగున నలుడు "దశ" అనెను. సంస్కృతములో దశ యనగా పది. "కఱువుము" అనియు అర్థము. వెంటనే పాము కఱచెను. నలుని సుందరరూపము పోయి, పొట్టిచేతుల కురూపి యయ్యెను.

మేలు చేసినవానికి ఇదియా ఫలము? రాజ్యము, భార్య, బట్ట పోయినవి. ఇప్పుడు రూపము కూడ పోయినది. కాని కర్కోటకుడు వివరించెను. ఈ రూపములో నిన్ను ఎవరును గుర్తింపరు, శత్రుభయముండదు. నా విషము నిన్ను బాధింపదు. నీలో దాగియున్న కలిని దహించును. నీవు బాహుకుడను సారథివై అయోధ్యకు పొమ్ము. అక్కడి రాజు ఋతుపర్ణుడు అక్షవిద్యలో నిపుణుడు. నీ అశ్వహృదయమునకు బదులుగా అతడు నీకు అక్షహృదయము నిచ్చును. అప్పుడు నీకు భార్య, బిడ్డలు, రాజ్యము అన్నియు లభించును. ఇట్లు చెప్పి, నిజరూపము రావలసినప్పుడు ధరింపుమని రెండు వస్త్రములిచ్చెను.

పాము పేరు మొదట వచ్చుటకు కారణమిదియే. కొన్ని దెబ్బలు పైకి విషమువలె నుండి, లోపలి దోషమును కాల్చును. కొలువు పోయినవాడు, రోగము తగిలినవాడు ఆనాడు దానిని మేలనుకొనలేడు. అనుకొనుమని మనము చెప్పుటయు తగదు. కాని పూర్వపు రూపము పోవుటచేతనే, పూర్వపు గర్వము అడ్డము రాని చోటికి అతడు పోగలుగును. "నేను ఎంతటివాడను!" అను భారము దిగిన పిదప గాని ఏ చిన్నపనికైనను చేయి సాగదు.

రెండవ పేరు: దమయంతి

అడవిలో ఒంటరిగా మేల్కొన్న దమయంతి కొండచిలువ నోటబడి, తనను కాపాడిన బోయవాని దుర్బుద్ధిని ఎదిరించి, వర్తకుల గుంపుతో కలిసి నడచెను. రాత్రివేళ ఏనుగులు ఆ గుంపును త్రొక్కివేయగా, బ్రతికినవారితో చేదిపురము చేరెను. అక్కడ రాజమాత వద్ద సైరంధ్రిగా చేరునప్పుడు ఆమె మూడు నియమములు పెట్టెను: ఎంగిలి తినను, ఎవరి కాళ్లు కడుగను, పరపురుషులతో మాటాడను. ధూళితో నిండిన సగము వస్త్రముతో నిలిచి ఆమె ఈ మాటలు పలికెను! పని చిన్నదైనను ఆత్మగౌరవము చిన్నది కానక్కరలేదు.

సుదేవుడను బ్రాహ్మణుడు కనుబొమల నడుమనున్న మచ్చను బట్టి ఆమెను గుర్తింపగా, పుట్టింటికి చేరెను. చేరి ఊరకుండలేదు. నలుని వెదకుటకు బ్రాహ్మణులను దేశదేశములకు పంపెను. సభలలో ఏమి పలుకవలెనో, ఎవరైన ఉత్తరము చెప్పినచో దానిని ఎట్లు గ్రహించి తేవలెనో నేర్పి పంపెను. పర్ణాదుడను బ్రాహ్మణుడు అయోధ్యలో బాహుకుడను కురూపి సారథి కన్నీటితో చెప్పిన సమాధానమును తెచ్చెను. ఆమె ఆలోచించి, దమయంతికి మరునాడే పునస్స్వయంవరమని సుదేవుని ద్వారా ఋతుపర్ణునికి వార్త పంపెను. అయోధ్యనుండి కుండినపురమునకు నూరు యోజనములు. ఒక్కరోజులో అంతదూరము రథము తోలగలవాడు లోకములో నలుడొక్కడే.

ఇక్కడ ఆగి ఆలోచింపుడు. రాజ్యము లేదు, కిరీటము లేదు, రూపము కూడ లేదు. ఇక ఆ మనిషిని దేనిచే గుర్తింపవలెను? దమయంతి విద్యచే గుర్తించెను. గుఱ్ఱములను నడపు నేర్పు, వంటలోని రుచి — ఈ రెండే ఆమెకు ఆనవాళ్లు. పాచికలు వీనిని గెలువలేకపోయినవి. పుష్కరుడు వీనిని పందెము అడుగలేకపోయెను. నష్టపోయిననాడు మనము పోయినవాని లెక్క వ్రాసికొందుము. చేయవలసినది రెండవ లెక్క: ఎవరును తీసికొనజాలక మనయొద్ద మిగిలినదేమి?

మన కాలములోని ఒక ఉదాహరణము చెప్పెదము. సుధా చంద్రన్ అను భరతనాట్యకళాకారిణికి 1981లో జరిగిన రోడ్డు ప్రమాదము ఫలితముగా కుడికాలు తీసివేయవలసి వచ్చినది. నర్తకికి కాలు పోవుట, రాజుకు రాజ్యము పోవుటవంటిదే. కాని తాళము, అభినయము, నేర్చిన నాట్యము ఆమెను విడువలేదు. రామచంద్రశర్మ అను శిల్పియు, డాక్టరు పి. కె. సేఠీయు కలిసి 1968లో రూపొందించిన జైపూర్ పాదమును ధరించి, మొదట నడచుట నేర్చి, తరువాత నర్తించుట నేర్చి, 1984లో మరల రంగస్థలముపై నృత్యము చేసెను. 1985లో ఆమె కథయే తెలుగులో "మయూరి" చలనచిత్రముగా రాగా, ఆ పాత్రను ఆమెయే ధరించెను. కాలు తిరిగి రాలేదు. విద్య మిగిలియున్నది గనుక మార్గము దొరికినది.

మూడవ పేరు: నలుడు

నలుడు అయోధ్యలో చేసిన పని యేమి? అశ్వశాలకు అధ్యక్షుడుగా పదివేల వేతనమునకు కుదిరెను. చక్రవర్తివంటివాడు మఱియొక రాజు గుఱ్ఱములకు దాణా చూచుచుండెను. అంతకంటె విచిత్రము, అతని క్రింద పనిచేయువారిలో ఒకడు వార్ష్ణేయుడు — నిన్నటివరకు తన సారథి, తన పిల్లలను కాపాడినవాడు. ఎదురుగా నున్నను ప్రభువును అతడు గుర్తింపలేదు. ప్రతి సాయంకాలము నలుడు విడిచిన భార్యను తలచుకొని బాధపడుచుండెడివాడు. తెల్లవారిన పని మానలేదు. దుఃఖము సాయంకాలమునది, పని పగటిది. ఆ రెండింటికి చోటు చేసికొనుటయే ధైర్యము.

పాఠశాలలో వేదము చెప్పుకొనినవారికి ఒక సంగతి తెలియును. సంత చెప్పుకొనుచున్న పిల్లవానికి ఒకచోట స్వరము తప్పును. గురువుగారు తప్పినచోటనే అతుకు వేసి సాగిపొమ్మనరు. వేదమంతయు మరల మొదలుపెట్టుమని కూడ అనరు. ఆ పనస మొదటికి తీసికొనిపోయి, అక్కడనుండి చెప్పించుదురు. జీవితములో తప్పినచోటును అట్లే దిద్దుకొనవలెను. అంతయు పోయినదనుకొనుట తప్పు. ఏమియు కాలేదని నటించుటయు తప్పు. తనకు స్వరము నిశ్చయముగా తెలిసిన చోటికి వెనుకకు పోయి, అక్కడనుండి ఎత్తుకొనవలెను. నలునికి ఆ చోటు అశ్వశాల.

తెలుగులో ఒక సామెత యున్నది: పోగొట్టుకొన్న చోటనే వెదకుకొనవలెనని. ఈ సామెతను తప్పుగా పట్టుకొని ఎన్ని కుటుంబములు కూలుచున్నవో! పందెములో పోయినది పందెములోనే వచ్చునని మరల కూర్చుందురు. పూర్వము పుష్కరుడు ఇంటికి వచ్చి పిలువవలసి యుండెను. నేడు ఫోనులోనుండి పిలుచుచున్నాడు. 2025లో కేంద్రప్రభుత్వము ధనమొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టము చేయవలసి వచ్చినదనగా, ఈ వ్యసనము ఎంతదూరము పోయినదో ఊహింపుడు.

ధర్మరాజు చేసినది అదియే. మొదటి జూదములో ఓడినది తిరిగి వచ్చినది. ఇంటికి పోవుచుండగా మరల పిలుపు వచ్చెను. మరల పోయి, అదే విద్య తెలియనివాడై, అదే శకునితో ఆడి, పండ్రెండేండ్లు అరణ్యవాసమును, ఒక యేడు అజ్ఞాతవాసమును కొనితెచ్చుకొనెను. నలుడు మాత్రము వెంటనే నిషధకు పోలేదు. లోపమును తీర్చుకొనువరకు ఆ దిక్కు చూడలేదు. బృహదశ్వుడు ఇన్ని కథలుండగా ఈ కథనే ఏరి చెప్పుటలోని మర్మమిది.

నాల్గవ పేరు: ఋతుపర్ణుడు

పునస్స్వయంవరపు వార్త విని ఋతుపర్ణుడు బాహుకుని పిలిచెను. బాహుకుడు చూపునకు బక్కగా నున్న గుఱ్ఱములను ఎంచుకొనెను. రాజు సందేహించినను, తన శాస్త్రముపై నమ్మకముతో వానినే కట్టెను. రథము గాలివలె పోవుచుండ రాజు ఉత్తరీయము జారిపడెను. ఆపుమని రాజు అనునంతలో రథము యోజనము దాటిపోయెను. రాజు ఆశ్చర్యపడి, తన విద్యను కూడ చూపదలచెను. దారిలోని తాండ్రచెట్టును చూపి, దాని ఆకులెన్నో కాయలెన్నో క్షణములో చెప్పెను. రెండు కొమ్మలపై కాయలు 2,095 అనెను.

అప్పుడు బాహుకుడు రథము నిలిపెను! నూరు యోజనములు, ఒక్క పగలు. పోవుచున్నది భార్య పునస్స్వయంవరమునకు. ఆ తొందరలో రథము దిగి కాయలు లెక్కించెదననెను. రాజు ఎంత చెప్పినను వినక, లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. ఈ విద్య నాకు నేర్పుడని చేతులు జోడించి అడిగెను. అదియే అక్షహృదయము, సంఖ్యాశాస్త్రరహస్యము. వేదకాలమున పాచికలుగా వాడినవి ఈ తాండ్రకాయలే. ఋగ్వేదము పదవ మండలములోని 34వ సూక్తమైన అక్షసూక్తములో జూదరి తన పతనమును చెప్పుకొని విలపించును. ఏ కాయలు నలుని కూల్చెనో, ఆ కాయల చెట్టు క్రిందనే అతనికి విద్య లభించినది.

ఋతుపర్ణుడు ముందుగా తన విద్య నిచ్చి, అశ్వహృదయమును నీయొద్దనే న్యాసముగా నుంచుమని చెప్పెను. ఆ విద్య మనస్సున నిలిచిన మరుక్షణమే కలి కర్కోటకవిషమును కక్కుచు నలుని శరీరమునుండి వెలువడెను. నలుడు శపింపబోగా వేడుకొని, ఆ తాండ్రచెట్టులో దాగెను.

ఈ ఘట్టమును బాగుగా గుర్తుంచుకొనుడు. కలి ఎప్పుడు విడిచెను? రాజ్యము వచ్చిన పిదపనా? కాదు. భార్య దొరికిన పిదపనా? కాదు. రూపము వచ్చిన పిదపనా? అదియు కాదు. ఇంకను కురూపిగా, సేవకుడుగా, పరుల రథము తోలుచు, నడిదారిలో నున్నప్పుడే విడిచెను. లోపము నిండిన క్షణముననే దుర్దశ ముగిసినది. తక్కిన వన్నియు దాని వెనుక నడచి వచ్చినవి. "అన్నియు తిరిగి వచ్చిన పిదప నా మనస్సు కుదుటబడును" అని మనమనుకొందుము. వ్యాసుడు క్రమము తిప్పి చెప్పుచున్నాడు: మనస్సు కుదుటబడిన పిదపనే అన్నియు తిరిగి వచ్చును.

మఱియొకటి. ఈ విద్య నిషధలో సింహాసనముపై నున్నంతకాలము నలునికి ఎవరును నేర్పలేదు. సేవకుడై చేరిన యింటనే అది లభించినది. దురదృష్టము త్రోసిన చోటనే, ఆ దురదృష్టమునకు కారణమైన కొరతను తీర్చు గురువు కూర్చుండి యుండవచ్చును. చిన్నకొలువని చిన్నచూపు చూచినవానికి ఆ గురువు కనబడడు.

తిరిగి వచ్చిన రాజ్యము

ఏ యింటికి దరిద్రుడనై పోనని సిగ్గుపడెనో, ఆ కుండినపురమునకే నలుడు పరుని సారథియై ప్రవేశించెను. రథధ్వని విని దమయంతి గుర్తుపట్టెను. కేశినిని పంపి పరీక్షించెను; వంట రుచి చూచెను; పిల్లలను పంపగా బాహుకుడు వారిని కౌగిలించి ఏడ్చెను. నాల్గవ యేట ఆ దంపతులు కలిసిరి. కర్కోటకుడిచ్చిన వస్త్రములు ధరింపగా రూపము వచ్చెను. ఋతుపర్ణునికి న్యాసముగా నున్న అశ్వహృదయమును ఇచ్చి ఋణము తీర్చుకొనెను.

నెలరోజుల పిమ్మట ఒక రథము, పదునారు ఏనుగులు, ఏబది గుఱ్ఱములు, ఆరువందల కాల్బలముతో నిషధకు పోయి పుష్కరుని పిలిచెను. జూదమో యుద్ధమో తేల్చుకొనుమనెను. ఒక్క పందెములో గెలిచెను. జూదమును మరల ఆడవచ్చునని దీని అర్థము కాదు. దాని రహస్యము తెలిసి, ఆశ చచ్చిన పిదప, ఒక్కసారి మాత్రమే ఆడెను. గెలిచి పుష్కరుని చంపలేదు. ఇదంతయు కలి చేసిన పని, నీవు ఎఱుగవు అని చెప్పి, అతని భాగము నతనికిచ్చి, ఆదరించి పంపెను. పగ మిగిలినచో కలి మరల వచ్చుటకు సందు మిగిలినట్లే.

కథ ముగించి బృహదశ్వుడు ధర్మరాజునకు అక్షహృదయము నుపదేశించెను. తరువాత జరిగినది చూడుడు. అజ్ఞాతవాసములో ధర్మరాజు విరటుని కొలువున కంకుభట్టుగా చేరినది ఆ అక్షవిద్యతోనే. ఏ విద్య తెలియక రాజ్యము పోయెనో, ఆ విద్యయే అజ్ఞాతవాసములో నీడ నిచ్చినది. అర్జునుడు ఇంద్రలోకములో చిత్రసేనుని వద్ద నాట్యము నేర్చెను. ఊర్వశి యిచ్చిన శాపము బృహన్నలవేషమునకు తోడ్పడెను. శాపము కూడ అక్కఱకు వచ్చిన సందర్భమిది. వనవాసము వారికి శిక్షగా వచ్చినది. వారు దానిని పాఠశాలగా చేసికొనిరి.

కనుక ఆస్తికులారా, రేపు ఉదయము ఈ నాలుగు పేర్లు తలచునప్పుడు వాని అర్థమును కూడ తలచుకొనుడు. కర్కోటకుని పేరు చెప్పునప్పుడు, తగిలిన దెబ్బ నాలోని ఏ దోషమును కాల్చుచున్నదని విచారింపుడు. దమయంతి పేరు చెప్పునప్పుడు, నన్ను వెదకువారు నాకున్నారని, వారికి దూరము కారాదని నిశ్చయించుకొనుడు. నలుని పేరు చెప్పునప్పుడు, ఎవరును హరింపజాలని నా విద్య యేది, దానితో నేడు చేయగల పని యేది యని అడిగికొనుడు. ఋతుపర్ణుని పేరు చెప్పునప్పుడు, నాకు తెలియనిదేదో దానిని చేతులు జోడించి ఎవరివద్ద నేర్వవలెనని యోచింపుడు. స్మరణ నాలుకపై ముగియరాదు. లేచి పాదములు కడుగుకొని, ఆనాటి పనిలో ప్రవేశింపవలెను.

నేడు కష్టములో నున్నవారెవరైన ఈ పుటలు చదువుచున్నచో, వారికి మా ఆశీర్వచనమిదియే: మీ రథము ఇంకను దారిలోనే యున్నది. తాండ్రచెట్టు కనబడినచోట తొందరపడక దిగి, లెక్కించి, నేర్చుకొని ఎక్కుడు.

స్వస్తి.